ఎర్ర నట్లు

మూడో గేరులో ఈ బండి ఏడుస్తుంది, నాలుగో గేరులో తిడుతుంది, రెండింట్లో నీకు ఏది నచ్చితే అది పెట్టుకో అనేవాడు బావ. నేను నాలుగులో పెట్టుకుని తిట్లే వింటూ పోతున్నాను. పక్క సీట్లో అక్క ఒక చేత్తో డాష్‌బోర్డు మీది ఇనప పిడి పట్టుకుని, ఇంకో చేత్తో ఒళ్ళో ఉన్న కాగితాల సంచి అదిమిపెట్టుకుని రోడ్డు చూస్తోంది. కారయితే ఇరవై నిమిషాల్లో తేలిపోయే దూరం, మాకు గంట. సైన్యంవాళ్ళు ఈ లారీని పరుగు కోసం చేయించుకోలేదు, బురదలో కూరుకుపోకుండా ఉంటే చాలనుకున్నారు, కాబట్టి వెనక వచ్చేవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగి దాటిపోతున్నారు, దాటేటప్పుడు మా పచ్చ లారీని చూసి తిట్టబోయినవాళ్ళు కూడా నవ్వేస్తున్నారు, వెనక సీట్లలో పిల్లలు చేతులూపుతున్నారు. అక్క ఎవరికీ చెయ్యి ఊపడం లేదు. గంటలో పావు అప్పుడే అయిపోయింది. మిగిలిన ముప్పావులో నేనొక మాట చెప్పాలి. నేను చెప్పకపోతే ఈ రోడ్డు చివర గేటు తెరిచి పెట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి చెబుతాడు, తనేం చెబుతున్నాడో తనకే తెలీకుండా నవ్వుతూ చెబుతాడు.

మంచివాడే ఆయన. పాత బళ్ళ పిచ్చి. ఆయన తండ్రి సైన్యంలో డ్రైవరుగా పనిచేశాడట, అచ్చం ఇలాంటి లారీ పక్కన కాలు మీద కాలేసుకుని నిలబడి తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉంది, ఆ ఫోటో పట్టుకుని పదకొండేళ్ళ కిందట మా షెడ్డుకి వచ్చాడు, నాకు అచ్చం ఇలాగే కావాలి, మా నాన్న చూసినా తేడా తెలియకూడదు అన్నాడు. ఆ తర్వాత జరిగింది జరిగాక మళ్ళీ అడగలేదు, మర్యాద తెలిసినవాడు. మూడు నెలల కిందట అక్కే కబురు చేసింది, బండి పూర్తి చేస్తున్నాం, ఇప్పటికీ కావాలా అని. నిన్న మధ్యాహ్నం ఆయన ఫోను చేసి, "అప్పుడు నేను వచ్చి చూసినప్పుడు చక్రాలు మొత్తం ఒకటే పచ్చగా ఉన్నాయి కదండీ, మా నాన్న ఫోటోలో ఉన్నట్టే! ఇప్పుడు మీరు పంపిన ఫోటోల్లో నట్లు ఎర్రగా ఉన్నాయేంటి? సర్లెండి, వచ్చాక మాట్లాడుకుందాం, మీ అక్కగారిని కూడా అడుగుతాను" అన్నాడు. ఫోను నేనెత్తాను కాబట్టి సరిపోయింది. అక్క ఎత్తి ఉంటే? ఎత్తి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది, ఆయనే చెప్పేసి ఉంటే నా నోటికి పని తప్పేది. ఇంత వయసొచ్చినా నాకు ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

పొద్దున మొహం కడుక్కుంటూ మాట కూర్చుకున్నాను. అక్కా, బావ పోయింది నీవల్ల కాదు, నావల్ల. ఆరే మాటలు. అద్దం ముందు మెల్లిగా అంటే బాగానే వచ్చింది. ఈ క్యాబులో మెల్లిగా అనడానికి వీల్లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు. కాళ్ళ కింద గేర్‌బాక్సు మోత, తలుపు సందుల్లోంచి గాలి, ఎక్కడో ఒక రేకు ఇంకో రేకుని ఆగకుండా కొడుతోంది, అది ఎక్కడో నాకు తెలుసు, బ్యాటరీ పెట్టె మూత, దానికో రబ్బరు ముక్క పెట్టి ఉండాల్సింది. ఈ మోతలో ఒక మనిషితో నీ మొగుడి చావుకి నేను కారణం అని చెప్పాలంటే సంతలో కూరలమ్మేవాడిలా అరవాలి. అయినా అరుద్దామనే నోరు తెరిచాను, "అక్కా" అన్నాను. "ఏంటి?" అంది చెవి దగ్గరికి తెస్తూ. ఆ చెవి, చెవి వెనక తెల్లబడ్డ జుట్టు చూశాక నా నోట్లోంచి "నీకు చెమట పడుతోందా అంటున్నా" అని వచ్చింది. "ఏం చెమట? నీ మొహం. రోడ్డు చూసుకో" అంది అక్క. రోడ్డు చూసుకున్నాను.

బావ అయితే ఈ మోతలోనూ కబుర్లు చెప్పేవాడు. సైన్యం వదిలేసిన బళ్ళ వేలానికి వెళ్ళి వచ్చేటప్పుడు దారి పొడుగునా అరుస్తూనే ఉండేవాడు, నేను ఊ కొట్టినా కొట్టకపోయినా. వేలానికి ఒక్కరోజు ముందు సరుకు చూడనిస్తారు. నడుం ఎత్తు గడ్డిలో వరసగా నిలబెట్టిన లారీలు, తలుపుల మీద సున్నంతో రాసిన అంకెలు, తాళాలుండవు, బ్యాటరీలు ఎప్పుడో పీకేసి ఉంటారు, నడుస్తుందో లేదో కొనేదాకా దేవుడికే తెలియాలి. కొనేవాళ్ళంతా బానెట్లెత్తి తలలు దూర్చి చూస్తుంటే మా బావ ఇస్త్రీ చొక్కాతో గడ్డిలో వెల్లకిలా పడుకుని, లారీ కిందికి జరిగి, వేలి కణుపులతో చాసిస్ మీద కొట్టి చెవి పెట్టేవాడు, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని తలుపు తట్టినట్టు. "ఇది బతుకుతుంది" అనేవాడు. లేకపోతే "ఇది పోయింది, దీని పార్టులు తీసుకుందాం" అనేవాడు. మూడు కొని ఒకటి చేసేవాళ్ళం. ఒకదాని చాసిస్, ఒకదాని ఇంజిను, ఒకదాని క్యాబు. దీనికి ముగ్గురు తల్లులోయ్, తండ్రిని మాత్రం నేనొక్కణ్ణే అని కొనడానికొచ్చిన వాళ్ళ ముందే అనేవాడు, అక్క లోపలి నుంచి గొంతు సవరించుకునేది. చొక్కాకి అంటిన మట్టి గురించి ఇంట్లో వారం రోజులు గొడవ. ఎంత ప్రాణం ఉండేది ఆ మనిషిలో. ఇప్పుడు నా ఎడమచెయ్యి గేరు కర్ర మీద ఉంటే దాని మీద ఇంకో చెయ్యి ఉన్నట్టుంది, క్లచ్ పూర్తిగా తొక్కవోయ్ రంగుల దొరా, అది నీ కుంచె కాదు అంటున్నట్టుంది. తొక్కాను. గేరు మాత్రం కిర్రుమంది.

రంగుల దొర అని పేరు పెట్టింది ఆయనే. నా పని లారీ ఇంటికొచ్చాక. తలుపు మీద అరచేయంత చోట నీళ్ళు చల్లి ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దుకుంటూ పోతే ఒక్కో పొరే బయటపడుతుంది, పైన ముదురు పచ్చ, దాని కింద ఇసక రంగు, దాని కింద తెలుపు, మళ్ళీ పచ్చ, అడుగున ఫ్యాక్టరీలో వేసిన మొదటి పచ్చ. ఎడారికి వెళ్ళింది, మంచులోకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. సీట్ల కింద దువ్వెనలు, చొక్కా గుండీలు, తడిసి ముద్దయిన ఉత్తరాలు దొరికేవి. ఉత్తరాలు చదవకూడదని బావ కట్టడి చేశాడు, చదవకుండా పొయ్యిలో వేసేవాడు, నేను ఆయన చూడకుండా ఒక్కటి చదివాను, చలి బాగా ఉంది, స్వెట్టరు అందింది అని ఉంది, అంతే. ఆ స్వెట్టరు వాడు ఏమయ్యాడోనని చాలా రోజులు బుర్ర తినేసింది. ఇప్పుడు ఆ బాధ ఎంత చిన్నదో అనిపిస్తుంది. నాకు పచ్చలో పదిహేడు రకాలు తెలుసు. డబ్బా మీద పేరు చూసి కొనేవాణ్ణి కాదు, నేనే కలుపుకునేవాణ్ణి, బొగ్గు రంగు ఒక చెంచా, పసుపుపచ్చ అర చెంచా, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసుకుని. నా అంత గర్వం నాకు తెలిసిన ఏ పెయింటరుకీ లేదు. ఆ గర్వమే ఇంత పని చేసింది, వేరే ఏమీ కాదు.

పరదా వేసుకుని వెళ్తున్న లారీ ఒకటి మమ్మల్ని దాటింది, వెనక దీపాలు ఎర్రగా వెలిగి ఆరాయి. ఎరుపు నా కంటికి ముందు కనిపిస్తుంది, ఎక్కడున్నా. ఈ బండి చక్రం మామూలు చక్రం కాదు, రెండు ఇనప ముక్కలు ఎదురెదురుగా బిగించి మధ్యలో టైరు పెడతారు. దాని మీద నట్లు రెండు వరసలు. లోపలి వరస విప్పితే చక్రం బండి నుంచి ఊడి చేతికొస్తుంది. బయటి వరస ఆ రెండు ముక్కల్నీ కలిపి పట్టుకునేది. టైరులో గాలి ఉండగా బయటి వరస విప్పితే ముక్కలు విడిపోయి ఎదురుగా ఉన్న మనిషి మీదికి ఎగురుతాయి. అందుకని సైన్యంలో ఆ వరసకి ఎర్రరంగు వేస్తారు. చదువు రానివాడికీ, నిద్రమత్తులో ఉన్నవాడికీ తెలియాలని. ఎరుపు ముట్టుకోకు, అంతే. రెండు వరసల నట్లూ ఒకటే సైజు, ఒకటే పానా పడుతుంది, పక్కపక్కనే ఉంటాయి. బావకి అప్పటికే దగ్గరచూపు మందగించింది. కళ్ళజోడు కొనిపించింది అక్క, ఆయన దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడు, జేబుకి బాగా కనిపిస్తోందా అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయనకి కంటి చివర ఎరుపు మసగ్గా కనిపిస్తే చాలు, చెయ్యి దాన్ని తప్పించుకుని మిగతావాటి మీదికి పోయేది.

పాతరంగు గీకినప్పుడు ఆ నట్ల మీద ఎరుపు నేనే చూశాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ దారి కూడా లేదు. కానీ పెద్దమనిషి ఫోటో గోడకి గుచ్చి పెట్టుకుని పనిచేస్తున్నాను కదా, నలుపు తెలుపు ఫోటోలో ఎరుపూ పచ్చా రెండూ ఒకటే బూడిదరంగు, ఆ ఫోటోలో చక్రం నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. ఎరుపు వేస్తే ఫోటోలా ఉండదు. ఆయన చూడ్డానికి వచ్చే రోజుకి అన్నీ పచ్చ వేసి ఉంచుదాం, చూసి వెళ్ళాక ఎరుపు వేసేద్దాం అనుకున్నాను. ఆయన వచ్చాడు, చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, ఇదే, ఇదేనండీ అన్నాడు. ఆయన వెళ్ళాక ఎర్ర డబ్బా మూత తీశాను. చక్రం వంక చూశాను. అంత అందంగా ఉంది. ఎరుపు చుక్కలు పెడితే పాడైపోతుంది అనిపించింది. మూత పెట్టేశాను. రేపు వేద్దామనుకున్నాను, ఆ రేపు కూడా అందంగానే ఉంది. బావ మూడు రోజులుగా వేలానికి వెళ్ళి ఊళ్ళో లేడు. ఆయన లేనప్పుడు రంగు పూర్తయింది, ఆయన లేనప్పుడు పెద్దమనిషి వచ్చి వెళ్ళాడు, కాబట్టి చక్రాలన్నీ పచ్చగా ఉన్నాయని ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, పెద్దమనిషికీ నాకూ.

బావ తిరిగొచ్చిన రోజు. మిట్టమధ్యాహ్నం. నేను షెడ్డు బయట కుళాయి కింద కుంచెలు కడుక్కుంటున్నాను. ఆయన ప్రయాణపు బట్టలతోనే లారీ చుట్టూ ఒకసారి తిరిగి, "అదరగొట్టావోయ్ రంగుల దొరా!" అని అరిచాడు, తర్వాత, "ముందు చక్రంలో గాలి దిగినట్టుందే, నేను ఊడదీస్తాలే, నువ్వు కడుక్కో" అన్నాడు. నేను ఊ అన్నాను. ఆ ఊ అన్నప్పుడు నాకు నట్లు గుర్తున్నాయా? పదకొండేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది ఇదే. ఒక్కోసారి గుర్తులేదనే అనిపిస్తుంది, చేతుల మీద నీళ్ళు, కుంచెలోంచి కారుతున్న పచ్చ, దాని మీదే ఉంది ధ్యాస. ఒక్కోసారి గుర్తొచ్చిందనీ, బావకి తెలియందేముంది చూసుకుంటాడులే అనుకున్నాననీ అనిపిస్తుంది. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి ఆ కుళాయి దగ్గర నిలబడ్డా ఆ ఊ లోపల ఏముందో కనిపించదు. తర్వాత ఇంటివైపు నుంచి అక్క పిలిచింది, భోజనానికి రండి అని. వస్తున్నా అన్నాడు. పానా చప్పుడు, కిర్రుమని ఒక తిప్పు, ఆగడం, మళ్ళీ ఒక తిప్పు. అక్క మళ్ళీ పిలిచింది, చల్లారిపోతోంది అని. వస్తున్నానే తల్లీ అన్నాడు. పానా అలాగే, ఒక తిప్పు, ఆగడం, ఒక తిప్పు. అది నేను విన్నాను. ఆ చప్పుడు వేగం కాలేదు, కొంచెం కూడా కాలేదు. బావ ఏ పనీ తొందరపడి చేసే మనిషి కాదు, ఆ రోజు కూడా పడలేదు. ఈ సంగతి విన్నవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే. ఆ తర్వాత వచ్చిన చప్పుడు వీధంతా విన్నది.

అందరూ ఆసుపత్రికి పరిగెత్తారు. షెడ్డు మూసి రమ్మని ఎవరో నా చేతిలో తాళాలు పెట్టారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. పగిలిన చక్రం నట్లు ఏరి పాత ఇనుము పీపాలో అడుగుకి తోసేశాను. మిగిలిన చక్రాలు ఐదు, ఒక్కోదానికి పన్నెండు. సన్న కుంచె తీసుకుని అరవై నట్లకి ఎరుపు వేశాను. చెయ్యి వణకలేదు. వణకనందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించలేను. నా జన్మలో అంత శుభ్రంగా పనిచేయలేదు, ఒక్క చుక్క పక్కకి పోలేదు. మర్నాడు పోలీసాయన వచ్చి ఒక నట్టు మీద వేలు పెట్టాడు, వేలికి ఎరుపు అంటింది, ఇదేంటి పచ్చిగా ఉంది అన్నాడు. ఇంకా పూర్తికాని బండి కదండీ, మొన్ననే వేశాం అన్నాను. అంత నున్నగా వచ్చింది అబద్ధం. ఎరుపు ఇంత స్పష్టంగా ఉంటే మనిషి ఎందుకు చూసుకోలేదు, ఏమైనా తొందరలో ఉన్నాడా అని ఆయన గోడని అడిగినట్టు అడిగాడు. అప్పుడు అక్క, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్న అక్క, తలెత్తి, "నేను పిలిచానండీ. భోజనానికి. రెండుసార్లు పిలిచాను" అంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచి కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఆయన రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు.

ఆ మాటని అత్త పట్టుకుంది, బావ వాళ్ళమ్మ. నువ్వు పిలవకపోతే నా కొడుకు నిదానంగా చేసుకునేవాడు అని ఆసుపత్రి వరండాలో ఒక్కసారే అంది. అక్కతో అదే ఆఖరి మాట. వెనక గదిలో వేరే పొయ్యి పెట్టుకుని తన వంట తను వండుకుంటుంది, అక్క చేతి మంచినీళ్ళు కూడా తాగదు. అక్క ఆ రోజు నుంచి ఎవర్నీ భోజనానికి పిలవదు. కంచాలు పెట్టి, గిన్నెల మీద మూతలు పెట్టి, తను గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఎవరికి ఆకలేస్తే వాళ్ళే రావాలి. నేను షెడ్డు మీది గదిలో ఉంటాను, రెండు పూటలా వెళ్ళి తింటాను, ఎదురుగా కూర్చుని తింటాను, ఇంకొంచెం వేయనా అంటే వేయమంటాను. నాకు ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి, వద్దన్నాను, రంగుల దొరకి ఏ పిల్ల రంగూ నచ్చట్లేదని నవ్వారు, నేనూ నవ్వాను. ఇంట్లోకి ఇంకో మనిషి వస్తే ఏదో ఒక రోజు చెప్పేస్తానని భయం.

షెడ్డు మూతపడుతుందనుకున్నారు అందరూ. అక్క మూయనివ్వలేదు. వేలానికి తనే వెళ్ళింది, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గడ్డిలో పడుకుని వేలి కణుపులతో చాసిస్ కొట్టి చెవి పెట్టింది, మొదట్లో నవ్విన కొనుగోలుదార్లు ఇప్పుడు ఆవిడ ఏ బండి దగ్గర ఎక్కువసేపు ఉందో చూసి దాని మీద పాట పెంచుతున్నారు. ఈ లారీని మాత్రం టార్పాలిన్ కప్పి మూల పెట్టింది. మూడు నెలల కిందట ఒక పొద్దున తనే తాళ్ళు విప్పి పట్టా లాగేసింది. పూర్తిచేద్దాం దీన్ని అంది. నేను నట్లన్నీ గీకి ఈసారి ఆరు చక్రాలకీ ఎరుపు వేస్తుంటే వెనక నిలబడి చూసి, "అంత ఎర్రగా ఉంటే కూడా ఆయన చూసుకోలేదంటే నేనెంత తొందర పెట్టి ఉంటానో చూడు" అంది. ఏడవలేదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టుగా అంది. ఇంకాసేపటికి, ఇది మన గేటు దాటితే నాకు కాస్త ఊపిరాడుతుందేమో అంది. నా చేతిలో కుంచె ఉంది, డబ్బాలో ఎరుపు ఉంది, ఎదురుగా అడగకుండానే అవకాశం వచ్చి నిలబడింది. నేను ఇంకో నట్టు మీదికి వెళ్ళాను.

వంతెన వచ్చింది. వంతెన దాటితే పదిహేను నిమిషాలు. దిగీ దిగగానే పెద్దమనిషిని పక్కకి లాగి, నట్ల సంగతి ఎత్తకండి, మా అక్కకి ఆ విషయం వింటే బాధ అని చెప్పొచ్చు. ఊరుకుంటాడు, అలాంటివాడే. ఈ ఆలోచన నిన్న ఫోను పెట్టేసిన మరుక్షణమే వచ్చింది, ఇప్పటిదాకా రానట్టు నటిస్తున్నాను, అంతే. బండి అప్పగిస్తాం, అక్క సంతకం పెడుతుంది, బస్సులో వెనక్కి వస్తాం, ఆ తర్వాత పదకొండేళ్ళు, ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు. ఆ ఎర్ర డబ్బాలా మూత పెట్టేసిన రోజులు నా దగ్గర బోలెడున్నాయి. నేను యాక్సిలరేటరు ఇంకొంచెం తొక్కినట్టున్నాను, ఇంజిను గోల పెట్టింది, స్టీరింగ్ చేతుల్లో అదిరింది. అక్క నా భుజం మీద చెయ్యేసి చెవిలో అరిచింది. "మెల్లిగా పోనీరా. తొందరేం లేదు. ఒకసారి తొందరపెట్టింది చాలదా నాకు?"

రోడ్డు పక్కన మట్టిలోకి దింపి ఆపేశాను. ఇంజిను కట్టేశాక చెవుల్లో గుయ్యిమంటూ ఉంది, వేడి ఇనుము టక్ టక్ మంటోంది, ఎక్కడో పిట్ట అరుస్తోంది. అక్క ఏమైందన్నట్టు చూసింది. నేను కూర్చుకున్న ఆరు మాటల్లో ఒక్కటీ రాలేదు. ఫోటో దగ్గర మొదలుపెట్టాను. చెప్పాను. పచ్చ వేయడం, మూత పెట్టేయడం, ఊ అనడం, పీపాలో తోసేయడం, అరవై నట్లు, పోలీసాయన వేలు. స్టీరింగ్‌తో చెప్పాను, అక్క మొహం చూసే ధైర్యం లేక.

"ఆయన తొందరపడలేదా?" అంది.

"లేదక్కా."

"నేను రెండోసారి పిలిచాక కూడా?"

"పానా చప్పుడు మారలేదు. మొదట ఎలా ఉందో అలాగే ఉంది. నేను విన్నాను."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పమంది, చెప్పాను. మూడోసారికి ఆవిడ భుజాలు కదిలాయి, ఏడుపో ఏమో తెలీదు, గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అలాంటి శబ్దం నేను మనుషుల దగ్గర వినలేదు. చెయ్యి చాపబోయాను. "ముట్టుకోకు" అంది. తలుపు తీసుకుని దిగింది. ముందు చక్రం దగ్గర కూర్చుని ఎర్ర నట్లని ఒక్కొక్కటే వేలితో తాకుతూ పన్నెండూ తాకింది. నేను కూడా దిగి, ఎక్కడ నిలబడాలో తెలీక బానెట్ పక్కన నిలబడ్డాను.

"అత్తయ్య నా చేతి నీళ్ళు తాగదని తెలుసా నీకు?"

"తెలుసు."

"నేనెవర్నీ అన్నానికి పిలవనని?"

"తెలుసు అక్కా."

"తెలిసే తిన్నావు" అంది. కోపంగా అనలేదు. లెంపకాయ కొట్టి ఉంటే ఎంత బాగుండేదో. నేను క్షమించమని కాళ్ళ మీద పడాల్సింది, ఏడవాల్సింది, నాకు ఏ ఒక్కటీ చేతకాలేదు, ఎండలో అలాగే నిలబడ్డాను. అక్క లేచి చేతులు దులుపుకుంది. మొహం కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"బండి తిప్పు" అంది.

"ఆయన ఎదురుచూస్తుంటాడు..."

"చూడనీ. రేపిద్దాం. నాకు చెప్పడంతో అయిపోదు. ఇంటికి తిప్పు. అత్తయ్యకి చెప్పు."

ఈ లారీ ఒక్క తిప్పులో తిరిగేది కాదు. అక్క వెనక్కి వెళ్ళి నిలబడి, రానీ, రానీ, కుడికి కొట్టు, ఆపు అంటూ చేత్తో చూపించింది, పని దగ్గర ఎలా చూపిస్తుందో అలాగే. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాక మూతి ఇంటివైపు తిరిగింది. ఎక్కి కూర్చుంది, ఇనప పిడి పట్టుకుంది. మూడో గేరు పడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమని చెబుతావో చెప్పు."

"ఇప్పుడే చెప్పానుగా నీకు."

"ఆవిడకి ఎలా చెబుతావో చెప్పు. ఈ మధ్య అత్తయ్యకి చెవులు బొత్తిగా పోయాయి. నాతో గొణిగినట్టు గొణిగితే వినపడదు. వీధి చివరివాళ్ళకి కూడా వినపడేలా చెబితేనే ఆవిడకి వినపడుతుంది."

నేను రోడ్డు చూస్తూ అన్నాను. "అత్తా, నట్ల మీద ఎరుపు..."

"వినపడట్లా."

"అత్తా! నట్ల మీద ఎరుపు లేకుండా చేసింది నేను!"

"ఊ. ఆ తర్వాత?"

"బావ తొందరపడలేదు! అక్క తప్పు లేదు!"

అక్క కళ్ళు మూసుకుంది. సీటుకి తల ఆనించింది. రేకులు అదురుతున్నాయి, ఇంజిను మోత కాళ్ళలోంచి పైకి వస్తోంది, నా గొంతు అప్పుడే బొంగురుపోయింది.

"ఇంకా" అంది. "ఇంకా గట్టిగా."